ఫోను ఎప్పుడు మోగాలి?

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులు చేసేవాళ్లకు తెల్లవారుజామున ఫోను మోగిందంటే గుండె ఝల్లుమంటుంది. నీళ్లకు పచ్చరంగు తెచ్చే ప్లాంక్టన్ పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే ప్లాంక్టన్ దాన్ని తిరిగి పీల్చేస్తుంది. అందుకే మూడు నాలుగు గంటల నుంచి పొద్దుపొడిచేదాకా నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళలో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే నెలల తరబడి మేత పోసి పెంచిన వనామీ రొయ్యల పంట గంటల్లో పోతుంది. ఒకప్పుడు దీనికి ఒకటే మందు, గట్టు మీద షెడ్డులో మనిషి మేలుకుని కూర్చోవడం. మనిషి ఇప్పుడూ ఉంటాడు. కాకపోతే కరెంటు పోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పడిపోయినా యజమానికి ఫోను చేసే సిమ్ కార్డు పెట్టెలు కూడా వచ్చాయి. విజయవాడలో 2012లో రావి శ్రీరామ్ మొదలుపెట్టిన ఎరువాక టెక్నాలజీస్ మరో అడుగు ముందుకేసి, చెరువులో తేలే పరికరంతో ఆక్సిజన్ కొలిచి రైతు ఫోనుకు కబురు పంపే ఏర్పాటు చేసింది.

ఈ అధ్యాయం రొయ్యల గురించి కాదు. ఏఐ కోడింగ్ ఏజెంటుకు పని అప్పగించి మీ పని మీరు చూసుకోవడం గురించి. అయితే యంత్రానికి పని ఒప్పజెప్పి కన్ను మూయడం ఎలాగో ఈ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ వాళ్లకంటే ముందే చెరువుల వాళ్లు నేర్చుకున్నారు. డబ్బు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నారు. అందుకే వాళ్ల దగ్గర మొదలుపెట్టాను.

కరోనా కాలంలో హైదరాబాద్, బెంగళూరుల నుంచి ఏలూరు వచ్చి ఇంటి పైగదిలోంచే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు, తాడేపల్లిగూడెం నిట్‌లోనో పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చదువుతూ చిన్నాచితకా ప్రాజెక్టులు చేసే పిల్లలు, వీళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 2025లో మీ పని తీరు మారిపోయింది. ఫిబ్రవరిలో ఆంత్రోపిక్ క్లాడ్ కోడ్ వచ్చింది. మే నెలలో ఓపెన్‌ఏఐ క్లౌడ్ కోడెక్స్, గూగుల్ జూల్స్, గిట్‌హబ్ కోపైలట్ ఏజెంటు ఒకదాని వెనక ఒకటి దిగాయి. అంతకుముందు ఏఐ మీరు రాస్తున్న వాక్యం పూర్తి చేసి ఊరుకునేది. ఇవి అలా కాదు. పని చెబితే ఫైళ్లు వెతుక్కుంటాయి, చదువుతాయి, మారుస్తాయి, పరీక్షలు నడుపుతాయి, తప్పొస్తే మళ్లీ మొదలుపెడతాయి. ఐదు నిమిషాలు పట్టొచ్చు, గంట పట్టొచ్చు. ఆ గంట మీరేం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

చాలామంది చేసేది రెండే పనులు. ఒకటి, తెర మీద అక్షరాలు పరుగెడుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చోవడం. రెండోది, ఫోను తీసి రీల్స్ తిప్పడం, గుర్తొచ్చినప్పుడు ఇటు ఓ చూపు చూడటం. రెండింట్లోనూ గంట పోయినట్టే. పైగా పని చేశామన్న తృప్తి ఒకటి మిగులుతుంది, అది మరీ ప్రమాదం. 2025 జులైలో మెటర్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ ఒక అధ్యయనం బయటపెట్టింది. బాగా చేయి తిరిగిన 16 మంది ప్రోగ్రామర్లకు వాళ్లు ఏళ్ల తరబడి పని చేస్తున్న ప్రాజెక్టుల్లోంచే 246 పనులు ఇచ్చి, కొన్నింటికి ఏఐ వాడమన్నారు, కొన్నింటికి వద్దన్నారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం అంతా అయ్యాక కూడా తమకు 20 శాతం సమయం కలిసొచ్చిందనే అనుకున్నారు. ఆ సాధనాలు ఇప్పటికి పాతబడ్డాయి, ఆ మనుషులు తమ కోడును కంఠతా తెలిసినవాళ్లు, కాబట్టి ఆ అంకెను పట్టుకుని అందరికీ అంటగట్టలేం. కానీ అనిపించే వేగం వేరు, గడియారం చెప్పే వేగం వేరు అన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతే. అదనంగా పోయిన ఆ సమయంలో కొంత ఏఐ జవాబు కోసం ఎదురుచూడటంలోనే పోయింది.

కాబట్టి పక్కన కూర్చోకండి. పనిని వెనకాల నడవనిచ్చి, అవసరమైనప్పుడు అదే మిమ్మల్ని పిలిచేలా ఏర్పాటు చేసుకోండి. ఈ ఏర్పాటు కష్టమేమీ కాదు. క్లాడ్ కోడ్‌లో హుక్స్ అని ఉంటాయి. ఏజెంటు పని ముగించి ఆగినప్పుడు ఒకటి, మీ అనుమతి కోసమో జవాబు కోసమో ఎదురుచూస్తున్నప్పుడు ఇంకొకటి స్పందిస్తుంది. అది స్పందించినప్పుడు ఏ ఆదేశం నడవాలో సెట్టింగ్స్ ఫైల్లో మీరు రాసిపెట్టొచ్చు. కోడెక్స్‌లోనూ నోటిఫై అనే ఏర్పాటు ఉంది. ఆ ఆదేశం ల్యాప్‌టాప్‌లో చప్పుడు చేయవచ్చు, టెలిగ్రామ్ బాట్‌తో కబురు పంపవచ్చు, ఎన్‌టిఎఫ్‌వై అనే ఉచిత సేవ ద్వారా ఒక్క వరుసతో మీ ఫోను మోగించవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే టెర్మినల్ గంట ఉండనే ఉంది. 1963 నాటి ఆస్కీ పట్టికలో ఏడో స్థానం గంటదే. టెలిప్రింటర్ల కాలంలో ఆ గుర్తు వస్తే యంత్రంలో నిజం గంటే మోగేది. వార్త ఎంత తొందరైతే అన్ని ఎక్కువ గంటలు కొట్టే పద్ధతి వార్తాసంస్థల్లో ఉండేది. ఆ తేడాయే మనక్కావాలి.

ఎందుకంటే అందరూ మొదట పెట్టుకునేది ‘అయిపోయింది’ గంట. నా లెక్కలో గంటలు మూడు రకాలు, వాటిలో దీనికే విలువ తక్కువ. పని అయిపోయాక ఆ కోడు మీరు చూసేదాకా అలాగే పడి ఉంటుంది, పదినిమిషాలు ఆలస్యమైతే కొంపేమీ మునగదు. అసలు మోగాల్సింది ‘ఆగిపోయాను, అడుగుతున్నాను’ గంట. మీరు అరగంట పని అప్పగించి భోజనానికి లేస్తారు. మూడో నిమిషంలో ఏజెంటు ‘ఈ ఆదేశం నడపమంటారా?’ అని అడిగి కూర్చుంటుంది. మీరు తిని, చెయ్యి కడుక్కుని, ఇద్దరితో మాట్లాడి వచ్చేసరికి అది ఆ ప్రశ్న దగ్గరే ఉంటుంది. వెనకాల పని నడిపేవాళ్ల రోజుల్లో ఎక్కువ భాగం ఇలాగే కారిపోతుంది. మూడోది ‘పడిపోయాను’ గంట. ఇంటర్నెట్ తెగింది, కోటా అయిపోయింది, ప్రోగ్రామ్ కూలింది.

ఈ మూడింటికీ తేడా పెట్టండి. ఎన్‌టిఎఫ్‌వైలో కబురుకు 1 నుంచి 5 దాకా ప్రాధాన్యం ఇవ్వొచ్చు. ‘అయిపోయింది’కి చప్పుడే వద్దు, నిశ్శబ్దంగా వచ్చి పడి ఉంటే చాలు. ‘అడుగుతున్నాను’కి ఫోను మోగాలి. అన్నిటికీ ఒకే చప్పుడు పెట్టుకున్నవాడు వారం తిరక్కుండానే అన్నిటినీ వినడం మానేస్తాడు.

కబురులో ఏముండాలన్నది కూడా తేల్చుకోవాలి. ‘పని పూర్తయింది’ అని వస్తే ఏ పని, ఎలా పూర్తయింది? ‘బిల్లు లెక్క: అయింది, 42 పరీక్షల్లో 42 నెగ్గాయి, 3 ఫైళ్లు మారాయి’ అని వస్తే బస్సులో నిలబడి కూడా అర్థం చేసుకోవచ్చు. ఇంకో మాట, ఎన్‌టిఎఫ్‌వైలో మీరు పెట్టుకున్న అంశం పేరు తెలిసిన ఎవరైనా ఆ కబుర్లు చదవొచ్చు. ఎవరూ ఊహించలేని పేరు పెట్టండి. ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు, పాస్‌వర్డులు అందులోకి పోనివ్వకండి.

ఇప్పుడు అందరూ వదిలేసే సంగతి. కరెంటు పోయిందని చెప్పాల్సిన అలారం ఆ కరెంటు మీదే నడిస్తే ఏమవుతుంది? మోగదు. చెరువుల దగ్గర సైరన్‌కు విడిగా బ్యాటరీ పెట్టుకునేది ఇందుకే. ఏజెంటు విషయంలోనూ అంతే, చచ్చిపోయిన ఏజెంటు ‘చచ్చిపోయాను’ అని కబురు పెట్టదు. ల్యాప్‌టాప్ మూత మూశారు, అది నిద్రలోకి జారింది. కరెంటు పోయింది, ఇన్వర్టర్ ల్యాప్‌టాప్‌ను కాపాడింది గానీ పక్కగదిలో రౌటరు దాని మీద లేదు. వీటిలో ఏది జరిగినా మీ ఫోను ప్రశాంతంగా ఉంటుంది, మీరు పని సాగుతోందనే అనుకుంటారు. ఫోను మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం ఈ పద్ధతిలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

దీనికి విరుగుడు ఏమిటంటే, గంట మోగించేది ఏజెంటు నడిచే యంత్రంలో కాకుండా ఇంకోచోట ఉండాలి. హెల్త్‌చెక్స్ లాంటి సేవలున్నాయి, అనుకున్న సమయానికి మీ దగ్గర్నుంచి సంకేతం రాకపోతే అవే కబురు చేస్తాయి. అంత హంగు అక్కర్లేదంటే, పని అప్పగించగానే ఫోనులో నలభై నిమిషాలకు అలారం పెట్టుకోండి. అప్పటికీ కబురు రాకపోతే వెళ్లి చూడండి. ఏజెంటును వేరే సర్వరులో టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపల నడిపితే, ఆ సర్వరుతో లంకె తెగినా పని ఆగదు. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి. క్లౌడ్‌లో నడిచే ఏజెంట్లకు మీ ఇంటి కరెంటుతో పనిలేదు. కానీ మీ యంత్రంలో ఉన్న డేటాబేసు, మీ దగ్గరున్న పాత ఫైళ్లు వాటికి అందవు. ఏ పనికి ఏది అన్నది అలా ఎంచుకోవాలి.

‘అయిపోయింది’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి? కైకలూరు వైపు చెరువులు చేసే మా మావయ్య ఒకాయన ఈ ప్రశ్నకు నాకు దొరికిన అన్ని పుస్తకాలకంటే చక్కగా జవాబు చెప్పాడు. కొత్తగా చేరిన కాపలా కుర్రాడి గురించి చెబుతూ అన్నమాట అది. “మోటార్లు తిరుగుతున్నాయా అబ్బాయ్ అంటే, ఆయ్, తిరుగుతున్నాయండీ అంటాడు. అబద్ధం కాదు, నిజంగానే తిరుగుతున్నాయి. నీళ్లలో గాలుందా లేదా అన్నది వాడికి పట్టదు. మీటరు పెట్టి చూసి చెప్పరా అంటే అప్పుడు తెలిసింది.” ఏజెంటు కూడా అంతే వినయంగా ‘అంతా సిద్ధం’ అంటుంది. అది దాని అభిప్రాయం. మీకు కావాల్సింది మీటరు రీడింగు.

2025 జులైలో అమెరికాలో జరిగింది చూడండి. జేసన్ లెమ్‌కిన్ అనే వ్యాపారి రెప్లిట్ కంపెనీ ఏజెంటుతో ఒక ప్రోగ్రామ్ కట్టిస్తున్నాడు. దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి ఉంచిన సమయంలో అది అసలు డేటాబేసునే తుడిచేసింది. పైగా పాత స్థితికి తేవడం కుదరదని చెప్పింది, తీరా చూస్తే కుదిరింది. కంపెనీ అధిపతి అంజాద్ మసాద్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, ప్రయోగాల డేటాబేసును, అసలు డేటాబేసును వేరుచేసే ఏర్పాట్లు మొదలుపెట్టాడు. ఇక్కడ రెండు సంగతులు కనిపిస్తున్నాయి. ముట్టుకోవద్దని మాటతో చెప్పడం సరిపోదు, ముట్టుకోవడానికి తాళంచెవే ఇవ్వకూడదు. తన పని గురించి అది ఇచ్చే సాక్ష్యాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

అందుకే కబురు పంపే ఆదేశమే ముందుగా పరీక్షలు నడపాలి, ఆ ఫలితాన్నే కబురులో పెట్టాలి. ఏజెంటు చెప్పిన వాక్యాన్ని కాదు. అనుమతుల విషయంలో నేను పాటించే పద్ధతి మొరటుదే. చదవడానికి, వెతకడానికి, పరీక్షలు నడపడానికి ముందే సరే అనేస్తాను, లేకపోతే రెండు నిమిషాలకోసారి ‘అడుగుతున్నాను’ గంట మోగుతూనే ఉంటుంది. తుడిచే ఆదేశాలకు, ఖాతాదారుడి సర్వరు జోలికి వెళ్లడానికి అసలు దారే ఉంచను. ఈ మధ్యలోవి మాత్రం అడగనిస్తాను.

పని ఎలా రాసివ్వాలో ఒక ఉదాహరణతో చెబుతాను. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలొస్తాయి. అక్కడి కమీషన్ కొట్టు ఒకదానికి మీరు లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చారనుకుందాం. లారీ, బస్తాలు, తూకం, ధర, హమాలీ, కమీషన్, చివర్లో రైతుకు వచ్చేది. ‘బిల్లులో లెక్క తప్పొస్తోంది, సరిచెయ్యి’ అని రాసి వదిలేస్తే ఏజెంటు ఏదో ఒకటి సరిచేస్తుంది. అది మీకు కావాల్సిందే అవ్వాలని ఎక్కడా లేదు. ఇలా రాయండి: ‘ఖాళీ సంచి తూకాన్ని రెండుసార్లు తీసేస్తోంది. 200 బస్తాలు, మొత్తం తూకం 10,100 కిలోలు, ఖాళీ సంచి అరకిలో అయితే నికరం 10,000 రావాలి, 9,900 వస్తోంది. ముందు ఈ లెక్కనే పరీక్షగా రాసి, అది తప్పుతోందని చూపించు. తర్వాత సరిచెయ్యి. తూకం ఫైలు, దాని పరీక్షల ఫైలు తప్ప వేరేవి మార్చకు. పరీక్షలన్నీ నెగ్గితేనే అయిపోయినట్టు. కమీషన్ లెక్కలో అనుమానమొస్తే ఊహించకు, ఆగి అడుగు.’ ఇది రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఈ ఐదు నిమిషాలు పెట్టలేని పనిని వెనకాలకు పంపకండి, పక్కన కూర్చునే చేయించుకోండి. ఏం కావాలో మీకే తెలియని పని కూడా అంతే. చెరువు నీళ్లు ఎలా ఉన్నాయో చూడకుండా ఎవరూ మేత లెక్క చెప్పరు కదా.

ఇక ఒకేసారి ఎన్ని ఏజెంట్లు? గిట్‌లో 2015 నుంచి వర్క్‌ట్రీ అనే సౌకర్యం ఉంది. ఒకే ప్రాజెక్టుకు విడివిడి ఫోల్డర్లు తీసి, ఒక్కో ఏజెంటును ఒక్కోదాంట్లో పెడితే ఒకదాని ఫైళ్లు ఇంకొకటి తొక్కదు. అలా పది నడిపేవాళ్లున్నారు. నా సలహా రెండు, మహా అయితే మూడు. ఎందుకంటే అవి రాసిందంతా చదవాల్సింది మీరొక్కరే. చదవకుండా కలిపేసిన కోడు అప్పులాంటిది కూడా కాదు, అప్పయితే ఎంతుందో అయినా తెలుస్తుంది.

ఈ అధ్యాయంలో అన్నిటికంటే కష్టమైన భాగం సాంకేతికం కాదు. ఏజెంటు పనిలో ఉన్న ఆ అరగంట మీ మనసు ఎక్కడుంటుందన్నది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక సంగతి రాసింది. ఒక పని ముగించకుండా ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని, దానివల్ల కొత్త పని నాసిగా జరుగుతుందని. ఏజెంటుకు అప్పగించిన పని సరిగ్గా ఇలాంటిదే, ముగియని పని. అందుకే తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ కూడా ఓసారి తెర చూసి వెళ్దామనిపిస్తుంది. దీన్ని తగ్గించే మార్గం ఒకటి నాకు పనికొస్తోంది. అప్పగించే ముందే కాగితం మీద రెండు వాక్యాలు రాసుకుంటాను, కబురు వచ్చాక నేను మొదట చూడాల్సింది ఏది, ఈలోగా నేను చేసే పని ఏది. రెండోది ఖాళీగా ఉందంటే చెయ్యి ఫోను మీదికే పోతుంది. ఏలూరులో రైలెక్కి దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటి తాడేపల్లిగూడెం చేరే ముప్పావుగంట ఇలాంటి పనికి భేషుగ్గా ఉంటుంది. స్టేషన్‌కు బయల్దేరే ముందు క్లౌడ్ ఏజెంటుకు పని ఇచ్చేయండి. రైల్లో ఆ ప్రాజెక్టు గురించి కాకుండా వేరే ఏదైనా చదవండి, లేదా కిటికీలోంచి చూడండి. ‘అయిపోయింది’ కబురు పూళ్ళ దగ్గరే వచ్చినా గూడెంలో దిగాకే తెరవండి. ఫోను చిన్నతెర మీద కోడు చదివి సరే అనడం చెడ్డ అలవాటు.

విద్యార్థులకు ఒక్క మాట కటువుగానే చెబుతాను. క్లాసులో ఇచ్చిన అసైన్‌మెంటును ఏజెంటుకు అప్పగించి, గంట మోగాక తెచ్చి సమర్పిస్తే మీకు మిగిలేది మార్కులే. ఈ పద్ధతి పని తెలిసినవాడి చేతిలోనే సాధనం. ముందు మీ చేత్తో రాయండి, తప్పులు మీ కంటితో పట్టుకోండి. అదే పనిని నాలుగోసారి చేయాల్సి వచ్చి విసుగుపుట్టినప్పుడు ఏజెంటును పిలవండి. అప్పటికి అది తెచ్చినదాంట్లో ఎక్కడ వేలు పెట్టాలో మీకు తెలుస్తుంది.

రాత్రి సంగతి. పడుకునే ముందు పెద్దపని ఒకటి అప్పగించి, పొద్దున్నే లేచి ఫలితం చూసుకోవడం మంచిదే. పరీక్షలు తక్కువున్న పాత ప్రోగ్రామ్‌కు పరీక్షలు రాయించడం, లైబ్రరీల పాత వెర్షన్లు మార్పించడం లాంటివి రాత్రికి బాగుంటాయి. ఎన్ని అడుగులకు మించకూడదో, ఎంత ఖర్చుకు మించకూడదో ముందే కట్టడి పెట్టండి, లేకపోతే ఒకే తప్పు చుట్టూ తెల్లవార్లూ తిరిగి బిల్లు మాత్రం చేతిలో పెడుతుంది. కానీ రాత్రి గంటలన్నీ ఆపేయండి. ‘పడిపోయాను’ గంటతో సహా. చెరువు యజమాని మూడింటికి లేవాల్సిందే, లేవకపోతే రొయ్య చచ్చిపోతుంది. కోడు చచ్చిపోదు. నిద్ర చెడిన మనిషి తెల్లారాక చదివే కోడు మాత్రం సరిగ్గా చదవడు.

ఇదంతా ఏర్పాటు చేసుకున్నాక, నిజమైన పని ఏదీ అప్పగించకముందు ఒక పరీక్ష చేయండి. ఏజెంటుకు ఏదో చిల్లరపని ఇచ్చి, అది నడుస్తుండగానే మీరే దాన్ని మధ్యలో ఆపేయండి. ఇంకోసారి రౌటరు ప్లగ్ పీకేయండి. మూడోసారి ల్యాప్‌టాప్ మూత మూసేయండి. ప్రతిసారీ ఫోను మోగుతుందో లేదో చూడండి. మూడింట్లో ఒక్కదానికి మోగకపోయినా, ఆ రోజు పక్కన కూర్చునే పని చేయించుకోండి.